‘ఫోక్‌లోర్’ గేయసంపుటి – వక్తృభేదము, శ్రోతృస్పందనము

పాటలో ‘నేను’ అని పలుకునది ఎవరు? పాడువారా, రచించినవారా, లేక ఆ యిరువురికంటెను వేఱైన యొక పాత్రయా? తెలుగు సాహిత్యమును బోధించువారికి ఈ ప్రశ్న చిరపరిచితము. క్షేత్రయ్య పదములలో మాటలాడునది ప్రాయికముగా నాయిక, రచించినది పురుషుడు, పదమున నిలుచునది మువ్వగోపాలుని ముద్ర. అయినను ఆ పదములను బట్టి కవి జీవితము నల్లిన కథలకు మనలో కొఱత లేదు. మధుర, తంజావూరు, గోలకొండల ప్రసక్తి గల పదము చరిత్రకారునకు ఆధారమగుట న్యాయమే. కాని శృంగారపదములలోని ప్రతి విరహమును కవి స్వయముగా ననుభవించిన విరహమని యెంచుట వేఱు సంగతి. వేమన పద్యములనుండి వేమన కథ పుట్టిన తీరును ఇంచుమించుగ ఇట్టిదే.

ఈ ప్రశ్నయే మన కాలమున పాశ్చాత్య పాప్ సంగీతమునందు, పండితగోష్ఠులలో గాక సామాన్య శ్రోతల నడుమ, తీవ్రచర్చకు వచ్చిన సందర్భ మొకటి గలదు. అమెరికా దేశపు గాయని టేలర్ స్విఫ్ట్ 2020 జూలై 24వ తేదీన వెలువరించిన ‘ఫోక్‌లోర్’ అను ఆల్బము ఆ సందర్భమునకు కారణము. ఆల్బమనగా ఒక గాయకుడో, గాయనియో కొన్ని పాటలను ఒక వరుసలో కూర్చి ఒక్కమాఱుగా వెలువరించు గేయసంపుటి. శతకమునకు వలెనే దానికిని విడిపాటలకు మించిన యొక సమష్టి స్వరూపముండును. శ్రోతలు ఈ సంపుటిని స్వీకరించిన విధానము, కావ్యమునకును కవి జీవితమునకును గల సంబంధమును పరిశీలించువారికి మిక్కిలి ఉపయుక్తమని నా తలంపు.

స్విఫ్ట్ 1989లో పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించినది. నాష్‌విల్ నగరము కేంద్రముగా గల కంట్రీ సంగీతమున 2006లో తొలి సంపుటిని వెలువరించి, క్రమముగా పాప్ సంగీతమునకు మరలినది. ఈమె పాటలలో అధికభాగము ఉత్తమపురుషలో సాగును. తొలి సంపుటులతో ముద్రితమైన గేయపుస్తకములలో ఈమె అక్కడక్కడ కొన్ని ఆంగ్లాక్షరములను పెద్దబడిలో నుంచి, వానిని వరుసగా కూర్చి చదివినచో ఒక రహస్యవాక్య మేర్పడునట్లు చేసెడిది. బంధకవిత్వమును, గర్భకవిత్వమును ఎఱిగిన మనకు ఈ వినోదము వింతగా తోపదు. అయితే ఆ వాక్యములు పెక్కుమాఱులు పాట యెవరిని గూర్చినదో, ఏ సంఘటనను గూర్చినదో సూచించుచుండెను. అందువలన ఈమె శ్రోతలు పాటను విని యానందించుటతో తృప్తినొందక, అందలి పాత్రలకు లోకమున మూలపురుషులను వెదకుటకు అలవాటుపడిరి. ఈ యలవాటును పరిహసించు విమర్శకులు పెక్కురు కలరు. దానిని నేర్పినది గాయనియే యను సంగతిని వారు మఱచుచుందురు.

2020 వేసవిలో ఈమె చేయవలసియున్న కచేరీలు కరోనా మహమ్మారి వలన నిలిచిపోయినవి. ఆ విరామములో ‘ఫోక్‌లోర్’ రూపొందినది. వాద్యకారుడు ఆరన్ డెస్నర్ న్యూయార్కు రాష్ట్రమున హడ్సన్ లోయ ప్రాంతమందు గల తన లాంగ్ పాండ్ స్టూడియోనుండి వాద్యరచనలను పంపగా, లాస్ ఏంజెలెస్‌లోని తన యింట నున్న స్విఫ్ట్ వానిపై వరుసను, మాటలను కూర్చి తిరిగి పంపెడిది. ‘కార్డిగన్’ అను పాటకు మూలమైన రచన పంపిన కొలది గంటలలోనే పూర్తి పాట తనకు చేరెనని డెస్నర్ చెప్పియున్నాడు. మఱి కొన్ని పాటలకు జాక్ ఆంటొనాఫ్ సహకారము గలదు. మాటను మాతువనియు, గానమును ధాతువనియు విభజించి, ఆ రెండింటిని రచించువాడే వాగ్గేయకారుడని శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున నిర్వచించెను. ఆ నిర్వచనము ప్రకారము స్విఫ్ట్ వాగ్గేయకారిణియే. కాని ఇచ్చట ధాతువులోనే రెండు పొరలు గలవు. వాద్యభిత్తి యొకరిది, కంఠస్వరము నడచు వరుస మరియొకరిది. ‘స్వీయానుభవము’ అను మాటను ఇట్టి పాటలకు వాడునపుడు ఈ సంగతి గుర్తుండవలెను.

సంపుటి పేరును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ‘ఫోక్‌లోర్’ అను మాటను 1846లో విలియం థామ్స్ అను నాంగ్లేయుడు కల్పించెను. అనంతరము ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 305 ఆంగ్ల, స్కాటిష్ కథాగేయములను పాఠాంతరములతో సంకలన మొనర్చెను. మనకు బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడినది మొదలు ఈ శాఖ విశ్వవిద్యాలయములలో సుప్రతిష్ఠితమైనది. అజ్ఞాతకర్తృకత, మౌఖిక ప్రచారము, పాఠాంతర బాహుళ్యము జానపదగేయ లక్షణములని మనము బోధించుచున్నాము. ఈ సంపుటిలో మొదటి లక్షణము లేదు. కర్తృత్వహక్కులు గల యంత్రముద్రిత గానమిది. కావున పేరు శాస్త్రసమ్మతము కాదనుటలో సందేహము లేదు. కాని సంపుటికి వ్రాసిన పీఠికలో గాయని తన యుద్దేశమును వేఱుగా చెప్పినది. ఒకరినుండి యొకరికి గుసగుసగా సాగుచు, కల్పనకును యథార్థమునకును గల ఎల్ల చెఱిగిపోయిన కథలు అని ఆమె భావము. తనను గూర్చి లోకమున పుట్టిన వదంతులును అట్టివేయని ఇందు ధ్వనించుచున్నది. ఇది కేవల మలంకారము కాదని రెబెకా హార్క్‌నెస్‌ను గూర్చిన పాట తెలుపును.

హార్క్‌నెస్ (1915–1982) చమురు సంపద గల కుటుంబమున ప్రవేశించిన స్త్రీ. బాలే నృత్యమునకు పోషకురాలు. రోడ్ ఐలండ్ రాష్ట్రపు సముద్రతీరమున ఈమెకు గల భవనమును స్విఫ్ట్ 2013లో కొన్నది. పాట ఆద్యంతము ప్రథమపురుషలో సాగి, ఊరివారు ఆమెను గూర్చి చెప్పుకొనిన మాటలను వల్లించి, చివరకు ఆ యిల్లు ఇపుడు తనదైనదను మాటతో హఠాత్తుగా ఉత్తమపురుషకు మారును. అంతవఱకు ఇతరుల కథను చెప్పుచున్న గొంతు ఆ కథలోనికే నడచివచ్చును. పాటలో ఆమె ఆకుపచ్చరంగు పూసినది పొరుగువారి కుక్కకు; ఆమె జీవితమును గూర్చిన రచనలలో అది పిల్లి. చరిత్రకారునకు ఇది దోషము. జానపదకథా పరిశోధకునకు మాత్రము ఇట్టి మార్పు సుపరిచితమైన పాఠాంతరము.

అయితే శ్రోతల యభ్యాసమును నిజముగా పరీక్షించినవి మూడు పాటలు. సంపుటిలో ఒకే ప్రేమకథను మువ్వురి దృష్టినుండి చెప్పు మూడు పాటలు గలవని గాయని విడుదలకు ముందు తెలిపినది. అవి యేవో చెప్పలేదు. శ్రోతలు వెదకసాగిరి. పేర్లు, వస్తువులు, స్థలములు ఒక పాటనుండి మరియొక పాటకు సరిపోల్చి, ‘కార్డిగన్’, ‘ఆగస్ట్’, ‘బెట్టి’ అను మూడింటిని అనతికాలముననే గుర్తించిరి. మొదటిది ఏండ్లు గడచిన పిదప బెట్టి యను స్త్రీ స్మరణము. రెండవది వేసవిలో జేమ్స్ అను యువకుని ప్రేమించి వంచితురాలైన యువతి పలుకు. మూడవది జేమ్స్ బెట్టిని వేడుకొనుట. ఈ పాటలు వరుసలో రెండవ, ఎనిమిదవ, పదునాల్గవ స్థానములలో, అనగా ఆరేసి పాటల యెడమున, నిలుచుచున్నవి. ఇది ఉద్దేశపూర్వకమో కాదో గాని, వినువానికి కథ విడివిడిగా అందుటకు ఈ కూర్పు తోడ్పడుచున్నది.

లోకమున మూలపురుషులను వెదకు శ్రోత ఇచ్చట పాఠములోనే పాత్రలను వెదకువాడైనాడు. సాధనము అదియే, లక్ష్యము మారినది. ఆలంకారికులు అర్థశక్తిమూలధ్వనిని విభజించుచు కవిప్రౌఢోక్తి యనియు, కవినిబద్ధవక్తృప్రౌఢోక్తి యనియు భేదము చెప్పిరి. ఆ విభాగము వ్యంజకార్థమునకు చెప్పబడినదే గాని జీవితచరిత్ర వివాదములకు కాదు. అయినను కవి పలుకు వేఱు, కవి కల్పించిన వక్త పలుకు వేఱు అను వివేకము దానికి ప్రాణము. ఆ వివేకమును అలంకారశాస్త్ర మెఱుగని శ్రోతలు ఒక సంపుటి వలన అభ్యసించిరనుట నాకు ముఖ్యమైన విషయముగా తోచుచున్నది.

‘ఆగస్ట్’లోని యువతికి పాటలో పేరు లేదు. 2020 నవంబరులో వెలువడిన లాంగ్ పాండ్ స్టూడియో చలనచిత్రమున, తన మనస్సులో ఆమెను అగస్టా యనియో, అగస్టీన్ యనియో పిలుచుకొంటినని గాయని చెప్పినది. శ్రోతలలో ‘అగస్టీన్’ నిలిచినది. పాఠమున లేని పేరు ప్రచారమువలన పాత్రకు అంటుకొనుటను మన పురాణకథలలో ఎన్నిమాఱులు చూడలేదు?

‘బెట్టి’ విషయమున అభిప్రాయభేదము కలిగినది. వక్త పేరు జేమ్స్ అని పాటలోనే సంబోధనవలన తెలియును. పాడునది స్త్రీకంఠము. స్విఫ్ట్‌కు టేలర్ అను పేరు గాయకుడు జేమ్స్ టేలర్ వలన వచ్చినది. వీనిని చేర్చి, వక్త కూడ యువతియే యనియు, ఇది ఇరువురు యువతుల ప్రేమగీతమనియు కొందఱు శ్రోతలు వ్యాఖ్యానించిరి. వక్త 17 ఏండ్ల బాలుడని గాయని ఒక రేడియో ప్రసంగమున స్పష్టపఱచినది. అంతటితో ఆ వ్యాఖ్యానము అంతరింపలేదు. అంతరింపవలెనా? కర్త వచనము ఒక ప్రమాణమే. ఏకైక ప్రమాణము కాదు. స్త్రీవాక్కుగా పురుషులు రచించిన పదములను దేవదాసీలు పాడినపుడు ఆ పదములకు రచయిత యెఱుగని చాయలు రాలేదని యెవరనగలరు? వినబడు కంఠమును బట్టి వక్తను యువతిగా గ్రహించుట ఆ పాటకు సాధ్యమైన యర్థములలో నొకటి. కాని కొందఱు ఆ వ్యాఖ్యానమునుండి గాయని వ్యక్తిగత జీవితమునకు నిర్ణయములు చేయ నుత్సహించిరి. అచ్చట వారు వెనుకటి దారికే మరలిరి. పాటను గూర్చిన యూహ పాటలోనుండి పరీక్షింపబడగలదు. మనిషిని గూర్చిన యూహకు పాట సాక్ష్యము కాజాలదు. మన పరిశోధన వ్యాసములలో ‘కవి జీవితము’ అను ప్రకరణమును కృతులనుండియే నింపు విద్యార్థులకు ఈ రెండింటి భేదమును చూపుటకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము నాకు కనబడలేదు.

ఈ సంపుటి వ్యాప్తిని గూర్చి అంకెలు చాలును. వెలువడిన మొదటి వారమున అమెరికాలో, విక్రయములను అంతర్జాల శ్రవణములను కలిపి లెక్కింపగా, 8,46,000 ప్రతులకు సమానమైన ప్రచారము లభించినది. 2021 మార్చిలో గ్రామీ పురస్కారములలో ఉత్తమ సంపుటిగా ఎన్నికైనది. ఎనిమిది వేర్వేరు ముఖచిత్రములతో అచ్చువేసి అమ్మిన వ్యాపారనేర్పును కూడ ఈ అంకెల వెనుక చూడవలెను. ‘ఎక్సైల్’, ‘బెట్టి’ పాటల సహరచయితగా పేర్కొనబడిన విలియం బవరీ యెవరని శ్రోతలు నెలలకొలది ఊహించిరి. అది నటుడు జో ఆల్విన్ మాఱుపేరని పైన చెప్పిన చలనచిత్రమున తేలినది.

2023 మార్చినుండి 2024 డిసెంబరు వఱకు సాగిన ‘ఎరాస్’ సంగీతయాత్రలో ఈ పాటలు వేదిక కెక్కినవి. అచ్చట ‘ఆగస్ట్’ చివరకు రాగానే గాయని ఆపక, అదే సంపుటిలోని ‘ఇల్లిసిట్ అఫెయిర్స్’ అను రహస్యప్రణయగీతమునందలి యొక భాగమును దానికి జోడించి పాడెడిది. రికార్డులో ఆ రెండు పాటలకు నడుమ మరియొక పాట గలదు. వాని వక్తలు ఒక్కరేయని ఎచ్చటను చెప్పబడలేదు. కచేరీలో వేలాది శ్రోతలు గొంతు కలిపి ఆ రెండింటిని ఒకే శ్వాసలో పాడిరి. పేరులేని యువతికి ఆ కూర్పువలన మరికొంత కథ లభించినది.