కరెంటొచ్చాక సిస్టమ్ నెమ్మదించిందా? బటన్ జోలికెళ్లకండి

గాలివానొస్తే మా పెనుగొండలో ముందు పోయేది కరెంటు. తిరిగొచ్చాక కొట్లలో వినిపించే మాట ఒకటే. "ఇదేంటండి, సిస్టమ్ కదలట్లేదు. ఓసారి ఆపి వేద్దామా?" సర్వర్లలో డిస్కుల సంగతి చూసే ఉద్యోగం నాది. పండక్కి ఊరెళ్తే చాలు, బాబాయిలంతా నన్ను మెకానిక్ కింద జమకట్టి ఇదే అడుగుతారు. ఆపొద్దనే చెప్తాను. ఎందుకో తెలియాలంటే చిట్టా, ఆవర్జాల దగ్గర మొదలుపెట్టాలి.

వాసవీ అమ్మవారి ఊళ్లో ఈ మాటలు కొత్త కాదు. పాతకాలం కొట్లలో పగటి బేరాలన్నీ జరిగిన వరసలో చిట్టాలో రాసేవారు. తర్వాత తీరిగ్గా ఎవరి ఖాతాలోకి వాళ్లవి ఆవర్జాలో ఎక్కించేవారు. మధ్యలో దీపం ఆరిపోయినా ఫర్వాలేదు, పొద్దున్నే చిట్టా చూసి మిగతావి ఎక్కించుకోవచ్చు.

కంప్యూటర్‌లో ఫైల్ సిస్టమ్ చేసేదీ ఇదే. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందనే లెక్క మార్చేముందు, ఆ మార్పుని జర్నల్ అనే చిట్టాలో రాసుకుంటుంది. పద్దు పూర్తయ్యాక కింద గీత కొట్టినట్టు ఓ గుర్తు పెడుతుంది. కరెంటు పోయొస్తే గుర్తున్న పద్దులు మళ్లీ ఎక్కిస్తుంది, సగంలో ఆగినదాన్ని వదిలేస్తుంది. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఈ ఏర్పాటుంది. లినక్స్‌లో స్టీఫెన్ ట్వీడీ మొదలుపెట్టిన జర్నల్, 2001లో ఈఎక్స్‌టీ3 పేరుతో చేరింది. అంతకుముందు డిస్కంతా వెతకాల్సిందే. పెద్ద డిస్కయితే గంటలు పట్టేది.

చిట్టా ఎక్కించడం మామూలుగా సెకన్ల పని. ఆ కాసేపూ వేరే ప్రోగ్రాం ఏదీ ఆ డిస్కు మీద రాయలేదు. అసలు చికాకంతా ఆ తర్వాతే. బిల్లింగ్ ప్రోగ్రాం తన ఫైళ్లు సరిచూసుకుంటుంది, యాంటీవైరస్ లేస్తుంది, మధ్యలో ఆగిన అప్‌డేట్ మళ్లీ మొదలవుతుంది. అన్నీ కలిసి ఒక్క డిస్కు మీద పడతాయి. పాత హార్డ్ డిస్కు, చెల్లాచెదురుగా ఉండే చిన్న చిన్న రాతలైతే సెకనుకి వందకి అటూఇటుగా మాత్రమే రాయగలదు. మిగతావన్నీ మెమరీలో పోగుపడతాయి.

పోగు మరీ పెరగకుండా ఆపరేటింగ్ సిస్టమ్ కట్టడి పెడుతుంది, గట్టు తెగకుండా లస్కరు తూము తలుపు దించినట్టు. లినక్స్‌లో మామూలు హద్దు, వాడుకోదగ్గ మెమరీలో 20 శాతం. దాని దరిదాపులకి రాగానే, ఎక్కువగా రాస్తున్న ప్రోగ్రాంని కాసేపు నిద్రపుచ్చుతుంది. 2012 జనవరిలో వచ్చిన లినక్స్ 3.2లో వూ ఫెంగ్‌గ్వాంగ్ ఈ పద్ధతిని తిరగరాశాడు. ఒక్కో కునుకు 200 మిల్లీసెకన్లు దాటదు. కానీ కునుకు మీద కునుకు పడితే మనకి స్క్రీన్ బిగుసుకుపోయినట్టే ఉంటుంది. విండోస్‌లోనూ ఇలాంటి కట్టడి ఉంది.

మన పేచీ ఇక్కడే. సిస్టమ్ నెమ్మదించిందంటే, డిస్కుకి చేరని రాతలు మెమరీలో బోలెడున్నాయని అర్థం. సరిగ్గా అప్పుడే మనం బటన్ నొక్కిపట్టి చంపేస్తాం. మెమరీలో ఉన్నది కరెంటుతోపాటే పోతుంది.

"చిట్టా ఉందిగా, మళ్లీ ఎక్కించుకోదా?" అని బాబాయి లాజిక్ తీశాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయినా, మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 అయినా, చిట్టాలో రాసుకునేది ఫైళ్ల లెక్కని. ఫైల్లోని అంకెల్ని కాదు. ఫైలు క్షేమంగానే తెరుచుకుంటుంది, ఆఖరి పది బిల్లులు మాత్రం అందులో ఉండవు. మంచి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి బిల్లుకీ డిస్కు నుంచి జవాబొచ్చేదాకా ఆగుతుంది. అది ఆలస్యమవుతోందని తిట్టుకుంటాం కానీ, ఆ ఆలస్యమే మన డబ్బుని కాపాడేది.

కాబట్టి డిస్కు లైటు మెరుస్తున్నంతసేపూ టీ తాగి రండి. టక్కుటక్కుమని చప్పుడొస్తే మాత్రం అది వేరే జబ్బు, డిస్కు చూపించుకోవాలి. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే సిస్టమ్‌ని పద్ధతిగా ఆపే వ్యవధైనా దొరుకుతుంది. బ్యాకప్ పెన్‌డ్రైవ్ సంగతి మరీ జాగ్రత్త. సాధారణంగా వాటిలో ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లకి అసలు చిట్టాయే లేదు. ఎజెక్ట్ కొట్టకుండా లాగొద్దండి.