బీరువాలో పెళ్లి... ఎంపీ4లోకి!

గుడివాడలో పెళ్లి. 1990ల నాటి మాట. తలంబ్రాలు, అప్పగింతలు, పంక్తి దగ్గర పెదనాన్నగారి హడావుడి... అన్నీ మూడు గంటల క్యాసెట్లో ఉన్నాయి. క్యాసెట్ బీరువాలో పట్టుచీరల కింద ఉంది. పెళ్లికూతురు అమెరికాలో ఉంది. వేసి చూద్దామంటే వీసీఆరే లేదు! వాటిని తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016 జులైలో చేతులెత్తేసింది.

దివిసీమలోనూ, బందరులోనూ ఇంకో తంటా. సముద్రపు తేమకి టేపు మీద బూజు పడుతుంది. ఉన్న కాసిని క్యాసెట్లనీ కంప్యూటర్లోకి ఎక్కించాల్సిందే. అక్కడే అసలు ప్రశ్న... ఏ ఫార్మాట్‌లో?

కుదించకుండా దాచుకోవచ్చుగా అనిపిస్తుంది. లెక్క చూడండి. మన టీవీ పద్ధతిలో ఒక్కో బొమ్మ 720 అడ్డం, 576 నిలువు చుక్కలు. చుక్కకి మూడు బైట్లు, సెకనుకి 25 బొమ్మలు. గంట వీడియో సుమారు 112 జీబీ! కాబట్టి చీరలు మడతపెట్టినట్టు వీడియోనీ మడవాలి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఎంపీ4, ఏవీఐ అనేవి పెట్టెల పేర్లు. లోపల వీడియోని ఎలా మడిచారన్నది వేరు. ఒకే ఎంపీ4 పేరున్న రెండు ఫైళ్లలో ఒకటి టీవీలో ఆడి, ఇంకోటి మొరాయించడానికి కారణం అదే.

ఈ మడత విద్య వెనక మనవాళ్లున్నారు. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, తన విద్యార్థి నటరాజన్, గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన కమిశెట్టి రామమోహనరావు కలిసి 1974లో డీసీటీ అనే గణిత పద్ధతిని ప్రచురించారు. అంతకుముందు అహ్మద్ దీనికోసం నిధులడిగితే అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కాదు పొమ్మంది. వీసీడీ, డీవీడీల నుంచి ఫోన్లో ఫొటోల దాకా ఆ పద్ధతి మీదే నడిచాయి. పెడన అద్దకంలో గుడ్డ మీద చెక్క అచ్చులు వరసగా వేసుకుంటూ పోతారు కదా. వీసీడీలోనూ అంతే. బొమ్మని ఎనిమిది చుక్కల అడ్డం, ఎనిమిది నిలువు గళ్లుగా కోసి, కంటికి అంతగా ఆనని వివరాల్ని వదిలేస్తారు. మరీ పిండేస్తే ఆ గళ్లు బయటపడతాయి. ముఖం కాస్తా గచ్చు పలకలైపోతుంది!

రెండో కిటుకు కదలికది. అరుగు మీద అమ్మమ్మ కబుర్లు చెబుతుంటే వెనక గోడ కదలదు. గోడని ఒకసారి రాసుకుంటే చాలు, తర్వాత మారింది మాత్రమే రాస్తారు. అదే మంగినపూడి బీచ్‌లో పిల్లలు కేరింతలు కొడుతుంటే? ప్రతి అలా కొత్తదే. హంసలదీవి దగ్గర సాగర సంగమం, గాలికి ఊగే వరిచేలు, కూచిపూడి నాట్యం... ఇవన్నీ కుదింపుకి గట్టి పరీక్షలే. డెల్టాలో తీసిన వీడియోల్లో నీళ్లు లేనివెన్ని గనక! అందుకే మొత్తం ఫైలు చేసేముందు అలలున్న ఒక్క నిమిషాన్ని రెండు మూడు సైజుల్లో చేసి, ఫోన్లో కాదు, హాల్లో పెద్ద టీవీలో వేసి చూడాలి.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి? 2003లో వచ్చిన హెచ్.264. 2013 నాటి హెచ్.265, 2018 నాటి ఏవీ1 ఇంకా చిన్నగా మడుస్తాయి. కానీ పెదనాన్నగారి పాత టీవీ వాటిని గుర్తుపట్టకపోవచ్చు. పంచుకోవడానికి తీసినప్పుడు అందరికీ ఆడడమే ముఖ్యం. పాత టేపుకి సెకనుకి రెండు మెగాబిట్లిస్తే గంటకి 900 ఎంబీ. అలలుంటే ఇంకాస్త పెంచాలి.

టేపు మీద బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి ఉంటాయి. వాటిని కలిపే 'డీఇంటర్లేస్' మీట నొక్కకపోతే నడిచే మనిషి అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. వెడల్పాటి తెరకని బొమ్మని సాగదీయకూడదు. సన్నటి పెళ్లికొడుకు లావైపోతాడు!

అన్నట్టు, వీసీడీ నుంచి కొత్త ఫైలు చేస్తే నాణ్యత పెరగదు. జిరాక్సుకి జిరాక్సు తీసినట్టే. టేపు బతికుంటే టేపు నుంచే తీయాలి. మినీ డీవీ టేపైతే గంటకి 13 జీబీ. దాన్ని అలాగే హార్డ్‌డిస్కులో ఒక కాపీ, ఇంకో ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర ఒక కాపీ ఉంచాలి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ వాళ్లకి ఇంకో ఊళ్లో ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు. చుట్టాలకి పంపేది చిన్న ఎంపీ4. వాట్సప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది. 'డాక్యుమెంట్'గా పంపితే ఉన్నదున్నట్టే వెళ్తుంది.

సైజు తగ్గించాలని కొందరు ముందు శబ్దం మీద కత్తెర వేస్తారు. అది దండగ పని. సెకనుకి 128 కిలోబిట్లు కేటాయిస్తే చాలు, గంటసేపు అమ్మమ్మ గొంతు 58 ఎంబీ దాటదు.