వారం కిస్తీ, సర్కారు చట్టం, మన బాధ్యత

మొయినాబాద్ నుంచి చేవెళ్ళ దాకా రోడ్డుకు ఇరువైపులా కూరగాయల మడులు, పూల తోటలు కనిపిస్తాయి. తెల్లవారకముందే ఇక్కడి ఆకుకూరలు, టమాటాలు మెహిదీపట్నం రైతుబజారుకు, బంతి, చామంతి పూలు గుడిమల్కాపూర్ మార్కెట్టుకు బయలుదేరుతాయి. ఈ పంటల మీద వచ్చే ఆదాయం చిల్లరగా వస్తుంది, ఖర్చు మాత్రం ఒక్కసారిగా మీద పడుతుంది. బోరు మోటారు కాలినా, బిడ్డ పెళ్ళి కుదిరినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనా వేలకు వేలు కావాలి. పట్టా పాసుపుస్తకం ఉన్నవారికి బ్యాంకు గడప తొక్కే ధైర్యం ఉంటుంది. కౌలుకు చేసుకునేవారికి, పూలు గుచ్చి అమ్మే ఇల్లాలికి, సైకిల్ పంక్చర్ షాపు వానికి ఆ పుస్తకం ఎక్కడిది? అలాంటి ఇళ్ళకే గ్రూపు లోను వచ్చి చేరింది.

ముస్లిం కుటుంబాలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. వడ్డీ నిషిద్ధమని ప్రతి ఇంట్లోనూ తెలుసు. అయినా అవసరం ముంచుకువచ్చిన నాడు కిస్తీ కార్డు మీద వేలిముద్ర వేసిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ అప్పును అదుపు చేయడానికి మన రాష్ట్రం ఒక చట్టం చేసింది. దాని కథ ప్రతి ఇల్లాలూ తెలుసుకోవలసినది.

పదిహేను కాదు, ముప్పై

సూక్ష్మరుణ సంస్థల పద్ధతి సులువుగా కనిపిస్తుంది. ఐదుగురు ఆడవారు ఒక గ్రూపు కడతారు. ఒకరికొకరు జామీను. తాకట్టు అవసరం లేదు. వారానికోసారి సెంటర్ మీటింగులో కిస్తీ కట్టాలి. ఒకరు కట్టలేకపోతే మిగతావారు కట్టాలి. 1990లలో మొదలైన ఈ పద్ధతి పదేళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలకు పాకింది. ఎస్.కె.ఎస్., స్పందన, షేర్, అస్మిత వంటి పెద్ద సంస్థలు ఇక్కడే పుట్టి పెరిగాయి. వాటికి పెట్టుబడిలో అధిక భాగం బ్యాంకులు ఇచ్చిన అప్పే.

ఇందులో లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. పదివేల రూపాయల అప్పుకు వారానికి 230 రూపాయల చొప్పున 50 వారాలు కట్టాలనుకోండి. మొత్తం 11,500 అవుతుంది. పదివేలకు పదిహేను వందలే కదా, నూటికి 15 అని మనసుకు సర్ది చెప్పుకుంటాం. కానీ మొదటి వారం నుంచే అసలు వెనక్కి పోతూ ఉంటుంది. సగం ఏడాది గడిచేసరికి మన దగ్గర మిగిలేది ఐదువేలే. ఏడాది పొడుగునా సగటున మన చేతిలో ఉన్న అప్పు ఐదువేల పైచిలుకు మాత్రమే. దాని మీద పదిహేను వందలంటే నూటికి ఏడాదికి ముప్పైకి దగ్గర పడుతుంది. మన ఊరి భాషలో చెప్పాలంటే ఇది రెండున్నర రూపాయల మిత్తి. ఒక సంస్థ అప్పు తీర్చడానికి మరో సంస్థ దగ్గర, దాన్ని తీర్చడానికి మూడో చోట తీసుకుంటే ఆ ఇల్లు ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

2010 చట్టం ఏం చెప్పింది?

2006లోనే కృష్ణా జిల్లాలో ఈ అప్పుల మీద గొడవ రేగి, అధికారులు అనేక శాఖలకు తాళాలు వేయించారు. 2010 ఆగస్టులో ఎస్.కె.ఎస్. షేర్లు స్టాక్ మార్కెట్టుకు ఎక్కాయి. పేదల కిస్తీల మీద ఇంత లాభమా అని దేశమంతా చర్చించుకున్న రోజులవి. అదే సమయంలో వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలన్న వార్తలు పత్రికలలో వరుసగా వచ్చాయి. 2010 అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. డిసెంబరులో శాసనసభ దానిని చట్టం చేసింది.

ఆ చట్టం ప్రకారం ప్రతి సూక్ష్మరుణ సంస్థ జిల్లాలో రిజిస్టరు చేసుకోవాలి. వడ్డీ రేటు అందరికీ కనబడేలా పెట్టాలి. ఎంత కాలం గడిచినా అసలును మించి వడ్డీ వసూలు చేయరాదు. ఇంటి గుమ్మం దగ్గరకు వచ్చి అడగరాదు. వసూలు గ్రామ పంచాయతీ ఆఫీసు వంటి బహిరంగ స్థలంలోనే, అదీ నెలకోసారే జరగాలి. అప్పటికే బ్యాంకు అప్పు ఉన్న పొదుపు సంఘం సభ్యురాలికి అనుమతి లేకుండా మరో అప్పు ఇవ్వరాదు. బెదిరించి వసూలు చేస్తే మూడేళ్ళ వరకు జైలు.

బ్యాంకులు నేరుగా ఈ చట్టం కిందికి రాలేదు. అయినా దెబ్బ వాటికీ తగిలింది. కిస్తీలు ఆగిపోగానే సూక్ష్మరుణ సంస్థలు బ్యాంకులకు కట్టలేకపోయాయి. బ్యాంకులు కొత్త అప్పులు బిగించాయి. వేలకోట్ల బాకీ రాష్ట్రంలో నిలిచిపోయింది. రిజర్వు బ్యాంకు మాలేగాం కమిటీని వేసి, 2011 డిసెంబరులో ఈ సంస్థలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఒక రాష్ట్రం చేసిన చట్టం దేశమంతటా బ్యాంకుల తీరును మార్చింది.

తలుపు మూసిన తరువాత?

గుమ్మం ముందు అవమానం ఆగింది. అది చిన్న మేలు కాదు. అయితే అవసరం ఆగలేదు. సంస్థ రాకపోతే గిరిగిరి వాడు వస్తాడు. అతనికి కార్డూ లేదు, లెక్కా లేదు. ప్రైవేటు వడ్డీ వ్యాపారి లైసెన్సు తీసుకోవాలని, లెక్కలు రాయాలని ఈ ప్రాంతంలో చట్టం నిజాం కాలం నుంచే ఉంది. ఫస్లీ 1349 నాటి చట్టం అది, అంటే 1939-40 ప్రాంతం. ఎనభై ఏళ్ళు దాటినా లైసెన్సు అడిగి అప్పు తీసుకునేవారు ఎందరు?

ఇలాంటి పాఠమే పక్క రాష్ట్రంలోనూ ఉంది. తెలుగు మాట్లాడేవారు ఎక్కువగా ఉన్న కోలారులో 2009లో స్థానిక అంజుమన్ కమిటీ, సూక్ష్మరుణ సంస్థలతో లావాదేవీలు వద్దని ముస్లిం మహిళలకు చెప్పింది. పట్టుదారం తీసే ఇళ్ళలో కిస్తీలు ఆగాయి. సంస్థలు వెనక్కి తగ్గాయి. వడ్డీ వద్దనడం ధర్మమే. కానీ రేపు ఉదయం పట్టుగూళ్ళు కొనడానికి డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్నకు కూడా ఆ ధర్మంలో జవాబు ఉండాలి కదా.

ఇప్పుడు వర్తించేది ఏది?

ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఉంది. రాజ్యాంగం ప్రకారం వడ్డీ వ్యాపారం రాష్ట్రాల జాబితాలోది, బ్యాంకింగు కేంద్ర జాబితాలోది. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్సు కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022 మేలో సుప్రీంకోర్టు కేరళ, గుజరాత్ కేసులలో తీర్పు చెప్పింది. అదే దారిలో, అలాంటి సంస్థలకు 2010 చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తేల్చింది. కాబట్టి సర్కారు చట్టం ఉంది, ఇంటికి రాలేరు అని ధీమాగా కూర్చుంటే కుదరదు. తెలుసుకోవలసింది రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన నిబంధనలను.

వాటి ప్రకారం ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే సూక్ష్మరుణం. కుటుంబం అన్ని అప్పులకూ కట్టే నెల కిస్తీలు కలిపి నెల ఆదాయంలో సగం మించరాదు. నెలకు 15,000 వచ్చే ఇంటికి 7,500 మించి కిస్తీలు పడేలా అప్పు ఇవ్వరాదు. వడ్డీ, రుసుములు అన్నీ కలిపిన అసలు రేటును కాగితం మీద చూపాలి. మనకు అర్థమయ్యే భాషలో లోను కార్డు ఇవ్వాలి. ముందే తీర్చేస్తే జరిమానా వేయరాదు. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తరువాత ఫోను చేయరాదు. తిట్టరాదు, బంధువులను వేధించరాదు. ముందుగా అనుకున్న చోటికి వరుసగా రెండుసార్లు మనం రాకపోతేనే ఇంటికి రావచ్చు. వడ్డీ రేటుకు మాత్రం ఇందులో గరిష్ఠ పరిమితి లేదు. అది మనమే చూసుకోవాలి.

నిబంధన మీరితే ముందు ఆ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, సరైన జవాబు కాకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. 14448 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు.

ధర్మం చెప్పేది రెండు వైపులకూ

వడ్డీని నిషేధించిన దివ్య ఖురాన్ అప్పును తేలిక చేయలేదు. బఖరా సూరాలోని ఆయతుల సారాంశం గమనిస్తే మూడు విషయాలు కనిపిస్తాయి. అప్పిచ్చినవానికి అతని అసలు దక్కాలి, ఎవరికీ అన్యాయం జరగరాదు. అప్పుపడ్డవాడు ఇబ్బందిలో ఉంటే తేలికపడే దాకా గడువివ్వాలి, మాఫీ చేస్తే మరీ మంచిది. గడువు పెట్టుకున్న అప్పును రాసి పెట్టుకోవాలి, సాక్షులుండాలి. ఖురాన్‌లో అతి పొడవైన ఆయతు ఈ రాత గురించే కావడం గమనించదగినది. మహాప్రవక్త (స) తన చివరి హజ్ ప్రసంగంలో వడ్డీని రద్దు చేసినప్పుడు మొట్టమొదట రద్దు చేసింది తన సొంత బాబాయి అబ్బాస్ (రజి)కు రావలసిన వడ్డీనే. సంస్కరణ ఇంటి నుంచి మొదలైంది.

మరి మన ఇంటి నుంచి ఏం మొదలుపెట్టాలి? వడ్డీ లేని అప్పు, అంటే ఖర్జె హసనా, మనకు కొత్తది కాదు. హైదరాబాదులో వడ్డీలేని రుణ సంఘాలు దశాబ్దాల పాటు నడిచాయి. ఈ నగరంలోనే పుట్టి ప్రపంచ ప్రసిద్ధి పొందిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా వాటి గురించి రాశారు. బ్యాంకులలో వడ్డీలేని విభాగం తెరవాలన్న ఆలోచనను రిజర్వు బ్యాంకు పరిశీలించి, 2017లో పక్కన పెట్టింది. కాబట్టి ఆ తలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేం. ప్రభుత్వం వైపు నుంచి 2011లో స్త్రీనిధి, 2012 జనవరి నుంచి పొదుపు సంఘాలకు వడ్డీలేని రుణాల పథకం వచ్చాయి. రెండోదానిలో వడ్డీని ప్రభుత్వం భరిస్తుంది. ఇవి మనకు సమ్మతమా కాదా అన్నది ఉలమాలను అడిగి తెలుసుకోవచ్చు.

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. వడ్డీ లేదు, హలాల్ లాభం అన్న మాట వినగానే సొమ్ము అప్పజెప్పరాదు. 2018లో హైదరాబాదులో హీరా గోల్డ్, 2019లో బెంగళూరులో ఐఎంఏ వ్యవహారాలు కేసుల దాకా వెళ్ళి వేలాది ముస్లిం కుటుంబాలను కలవరపెట్టాయి. డిపాజిట్‌దారుల రక్షణకు మన రాష్ట్రంలో 1999లోనే చట్టం ఉంది. కానీ చట్టం ఆస్తులు జప్తు చేయగలదే తప్ప పోయిన సొమ్మును మరునాడే చేతిలో పెట్టలేదు.

చేవెళ్ళలో గాని మొయినాబాద్‌లో గాని ఒక మసీదు కమిటీ పెద్ద బ్యాంకు పెట్టనక్కరలేదు. నెలకు వంద రూపాయలు ఇవ్వగలిగే యాభై ఇళ్ళుంటే ఏడాదికి 60,000 అవుతుంది. పదివేల చొప్పున ఆరుగురికి వడ్డీ లేకుండా ఇవ్వవచ్చు. వారు తీర్చేకొద్దీ అదే సొమ్ము మరో ఇంటికి వెళుతుంది. జకాత్ సొమ్మును మాత్రం దీనిలో కలపక, దాని హక్కుదారులకే చేర్చాలి. పుస్తకంలో ప్రతి అప్పూ రాయాలి, ఇద్దరు సాక్షులుండాలి. లెక్క ప్రతి నెలా జుమా తరువాత అందరికీ చదివి వినిపించాలి. అప్పు పుచ్చుకున్నవారి పేర్లు మాత్రం చదవరాదు. తీసుకున్నవారు తీర్చడం కూడా ఇబాదత్‌లో భాగమని తెలుసుకోవాలి.

చట్టం జులుంను ఆపగలదు. పొరుగింటి అవసరాన్ని మాత్రం పొరుగువారే చూడాలి.