కారు రేడియో ఏ భాషలో మాట్లాడుతుంది?

సూరత్ నగరంలోని గోడాదరా ప్రాంతంలో మరమగ్గాల పని కోసం వలసవెళ్ళిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. అనుభవజ్ఞుడైన నేతగానికి ఒక గుడ్డపీలిక ఇచ్చి చూడండి. భూతద్దం కింద పడుగూ పేకా లెక్కించి, అది మగ్గం మీద ఏ విధంగా రూపొందినదో చెప్పగలడు. తయారైన వస్తువును పరిశీలించి, దాని నిర్మాణ రహస్యాన్ని రాబట్టే ఈ విద్యనే ఇంజనీర్లు 'రివర్స్ ఇంజనీరింగ్' అంటారు. పాత కార్ల రేడియోలను చెత్తకుప్ప పాలు కాకుండా కాపాడుతున్నది ఈ విద్యే.

1990లలో తయారైన అనేక కార్లలో రేడియోకు తోడుగా డిక్కీలో సీడీ ఛేంజర్ అమర్చుకునే ఏర్పాటు ఉండేది. కాలక్రమాన సీడీలు మూలబడ్డాయి. పాటలు ఫోనులోకి చేరాయి. రేడియో, స్పీకర్లు చక్కగా పనిచేస్తూనే ఉన్నా, వాటికి ఫోనును జోడించే మార్గం లేకపోయింది. తీగలు కలిపినంత మాత్రాన పాట వినిపించదు. ఛేంజర్ తన ఉనికిని ఎప్పటికప్పుడు తెలియజేస్తూ ఉంటేగాని, ఇటువంటి రేడియోలు అటునుంచి వచ్చే ధ్వనిని స్వీకరించవు. ఆ సంకేతాలు ఏమిటో కొనుగోలుదారుకు తెలియదు. పైగా సోనీది ఒక భాష, పయొనీర్‌ది మరొకటి.

మరి ఔత్సాహికులు ఆ భాషను ఎలా నేర్చుకున్నారు? పసిపిల్లలు మాటలు నేర్చుకునే విధంగానే, విని నేర్చుకున్నారు. అసలైన ఛేంజర్‌ను పనిచేయనిచ్చి, తీగలలో ప్రవహించే విద్యుత్ సంకేతాలను లాజిక్ ఎనలైజర్ అనే పరికరంతో నమోదు చేశారు. ఒక్కొక్క మీటే నొక్కుతూ, ఏ అంకె మారుతున్నదో గమనించారు.

కొన్ని వోక్స్‌వాగన్ రేడియోలనే తీసుకుందాం. ఛేంజర్ పంపే సందేశానికి ఎనిమిది బైట్లు. అందులో ఒక స్థానంలో మొదటి పాటకు 254, రెండవదానికి 253, మూడవదానికి 252 కనిపిస్తాయి. అంటే, పాట సంఖ్యను 255 నుంచి తీసివేసి పంపుతున్నదన్నమాట! రేడియో ఇచ్చే ఆజ్ఞకు నాలుగు బైట్లు. వాటిలో చివరి రెండింటినీ కూడితే ఎప్పుడూ 255 రావాలి. సందేశం దారిలో చెడిపోతే ఈ లెక్క తప్పి, పొరపాటు బయటపడుతుంది.

ఇంత తెలిశాక మిగిలిన పని సులువు. 2005లో ఇటలీలో రూపొందిన ఆర్డ్యునో వంటి చిన్న సర్క్యూట్ పలక ఆ ఎనిమిది బైట్లనూ పదేపదే పంపుతుంది. ఛేంజర్ ఉన్నదని రేడియో నమ్ముతుంది. ఫోనులోని పాట స్పీకర్లలో వినిపిస్తుంది.

ఇది నేరమా? భారత కాపీరైట్ చట్టానికి 1999లో చేసిన సవరణ ఈ విషయంలో ఒక వెసులుబాటు కల్పించింది. న్యాయసమ్మతంగా తన చేతికి వచ్చిన కంప్యూటర్ ప్రోగ్రాముతో, స్వతంత్రంగా రూపొందిన మరొకటి కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం వేరే విధంగా సులభంగా లభించనప్పుడు, దానిని రాబట్టుకోవచ్చు.

అయితే జాగ్రత్త అవసరం. 1986లో బాష్ సంస్థ ప్రకటించిన 'క్యాన్' పద్ధతి వ్యాపించాక, కారులోని అనేక భాగాలు ఉమ్మడి తీగల మీద సంభాషించుకోసాగాయి. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే అమెరికన్ పరిశోధకులు దూరాననే ఉండి, ఒక జీప్ వాహనంలోని సంగీత సాధనం ద్వారా లోనికి ప్రవేశించి, దాని బ్రేకులనే వశపరచుకుని చూపారు. ఆ వెంటనే తయారీ సంస్థ సుమారు 14 లక్షల వాహనాలలో లోపాన్ని సరిదిద్దవలసి వచ్చింది.

కనుక కారు తీగలు విప్పేవారు మొదట తెలుసుకోవలసినది ఒక్కటే: ఆ తీగ మీద పాట తప్ప మరేదైనా ప్రయాణిస్తున్నదా? చాలాకాలం విన్న తరువాతనే సందేశం పంపడం క్షేమం.