ఏటవాలు గీత ఒక్కటి చాలు

సైటు గూగుల్‌లో కనపడటం లేదా? ప్యాకేజీ కొనేముందు ఓ బుల్లి ఫైలు తెరిచి చదవండి

‘సొంత వెబ్‌సైట్ పెట్టుకున్నవాళ్లు గూగుల్‌లో కనపడాలంటే ఏం చేయాలి? ఈసారి ముఖచిత్ర కథనం అదే. గురువారం సాయంత్రానికల్లా పేజీలు వెళ్లిపోవాలి’ అన్నారు ఎడిటర్ గారు. పని మొదలుపెట్టినప్పుడు నా ధ్యాసంతా ప్యాకేజీల మీదే ఉంది. నెలకు ఇంతిస్తే మొదటి పేజీ గ్యారంటీ అంటూ మిఠాయి కొట్టు యజమాని నుంచి దంతవైద్యుడి దాకా అందరి ఫోన్లకూ వచ్చే మెసేజ్‌ల సంగతి తేలుద్దామనుకున్నాను. వాటి మీద నాకు నమ్మకం లేదు. మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన మార్గదర్శకాల్లో రాసిపెట్టింది. ఆ ముక్కతో ప్యాకేజీల కథ అయిపోయింది. నన్ను పట్టి కూర్చోబెట్టింది వేరే ఉంది. దాదాపు ప్రతి సైటుకూ ఉండే, ఎవరైనా తెరిచి చదవగలిగే, చాలామంది యజమానులు ఎన్నడూ చూడని ఫైలు అది. పేరు రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ (robots.txt).

మీ సైట్ అడ్రస్ చివర ఒక స్లాష్ పెట్టి ఆ పేరు కొట్టండి. పాస్‌వర్డ్ అక్కర్లేదు. తెల్లటి పేజీ మీద రంగూ రూపూ లేని నాలుగు లైన్లు వస్తాయి. గూగుల్, బింగ్ లాంటి సెర్చ్ ఇంజిన్లు వెబ్‌లోని సైట్లన్నీ చదివి రమ్మని బాట్‌లు అనే ప్రోగ్రాములను పంపుతుంటాయి. గూగుల్‌బాట్ మీ సైట్‌లో పేజీలు చదవబోయేముందు ఈ ఫైలు ఏమంటోందో చూసుకుంటుంది.

అందులో మామూలుగా ఉండేవి రెండు మాటలు. ‘యూజర్-ఏజెంట్’ అన్న లైను ఈ నియమం ఏ బాట్‌కో చెబుతుంది. పక్కన నక్షత్రం గుర్తు ఉంటే అందరికీ అని లెక్క. దాని కింద ‘డిస్‌అలౌ’ అని ఉంటుంది. దాని పక్కన ఏమీ రాయకుండా వదిలేస్తే, ఎక్కడికైనా రావచ్చు. అదే చోట ఒక్క ఏటవాలు గీత, అంటే స్లాష్, పడిందంటే సైట్‌లో ఏ పేజీనీ ముట్టుకోవద్దని. ఖాళీకీ గీతకూ మధ్య తేడా ఒక్క అక్షరమే. ఆ అక్షరం వల్ల ఏళ్ల తరబడి రాసిన పేజీలు, తీసిన ఫొటోలు, పెట్టిన ధరల పట్టికలు ఏవీ బాట్ కంటపడవు.

ఆ గీతను శత్రువెవరూ పెట్టరు. సైట్ కట్టేటప్పుడు సగం సగం పేజీలు జనానికి కనపడకూడదని డెవలపరే పెడతాడు. అది సరైన పనే. పని పూర్తయ్యాక పాత ఫైళ్లన్నీ కొత్త చోటికి మార్చేటప్పుడు ఇదీ వాటితోపాటే వచ్చేస్తుంది. తీసేయడం ఎవరికీ గుర్తుండదు. యజమాని ఫోన్‌లో సైట్ బ్రహ్మాండంగా తెరుచుకుంటుంది కాబట్టి అనుమానమూ రాదు. వర్డ్‌ప్రెస్‌లో దీనికి అన్నలాంటిది ఒకటుంది. సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట, సెర్చ్ ఇంజిన్లు ఈ సైట్‌ను చేర్చుకోవద్దని చెప్పే టిక్కు. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి ఆ టిక్కు ప్రభావం రోబోట్స్ ఫైల్లో కనపడదు. ప్రతి పేజీ లోపల ‘నోఇండెక్స్’ అన్న మాటగా చేరుతుంది. కాబట్టి రెండు చోట్లా చూడాలి.

ఎవరు రాశారిది?

ఈ ఒప్పందం పుట్టింది 1994లో. అప్పటికి గూగుల్ లేదు. బ్రిటన్‌లో నెక్సర్ అనే సంస్థలో పనిచేస్తున్న మార్టిన్ కోస్టర్ సర్వర్‌ను ఓ బాట్ ఊపిరాడనీయకుండా చేసింది. ఆ బాట్ రాసింది తానేనని తర్వాత సైన్స్ ఫిక్షన్ రచయితగా పేరు తెచ్చుకున్న చార్లెస్ స్ట్రాస్ చెప్పుకున్నాడు. బాట్‌లను తిట్టి పంపడం కన్నా, ఎక్కడిదాకా రావచ్చో రాసి పెడితే సరిపోతుందని కోస్టర్ ప్రతిపాదించాడు. బాట్‌లు రాసేవాళ్లు ఒప్పుకున్నారు. చట్టం లేదు, సంతకాలు లేవు. మాట మీద నడిచిన ఆ పద్ధతి 2022 సెప్టెంబరులో గానీ ఆర్‌ఎఫ్‌సీ 9309 అన్న నంబరుతో లాంఛనంగా ప్రమాణం కాలేదు. ఇరవై ఎనిమిదేళ్లపాటు ఇంటర్నెట్ ఒక మర్యాద మీద ఆధారపడి నడిచిందంటే నాకు ముచ్చటేస్తుంది.

తెరిచి చదివితే ఒక్కో సైటు స్వభావం ఇందులో బయటపడుతుంది. వికీపీడియా ఫైల్లో బాట్‌లతోపాటు వాటిని రాసే మనుషులకూ మాటలున్నాయి. ఇక్కడ పేజీలు చాలా ఎక్కువ, కొన్ని బాట్‌లు మరీ వేగంగా పోతున్నాయి, బాధ్యత లేకుండా ప్రవర్తిస్తే దారి మూసేస్తామని హెచ్చరిక. అమెరికా వైట్‌హౌస్ సైట్‌లో బుష్ పాలన ముగిసేనాటికి ఇది రెండు వేల లైన్లు దాటింది. చాలావరకు పేజీల టెక్స్ట్ నకళ్లను ఆపేవే. 2009 జనవరిలో ఒబామా బృందం దాన్ని రెండు మూడు లైన్లకు కుదించింది. ఇక 2023 ఆగస్టులో ఓపెన్‌ఏఐ తన బాట్ పేరు జీపీటీబాట్ అని ప్రకటించాక, ప్రపంచంలోని పెద్ద పత్రికలు ఎన్నో తమ ఫైళ్లలో ఆ పేరు రాసి, కింద డిస్‌అలౌ పక్కన గీత పెట్టాయి. కృత్రిమ మేధకు మా వార్తలు ఇస్తామా లేదా అన్న పెద్ద తగువు కూడా చివరికి ఈ చిన్న ఫైలు దగ్గరికే వచ్చింది.

ఇది తాళం కాదు, గుమ్మానికి తగిలించిన బోర్డు. మర్యాదస్తుడు చదివి ఆగుతాడు, దొంగ ఆగడు. పైగా రహస్యంగా ఉంచాలనుకున్న ఫోల్డర్ పేరు ఇందులో రాస్తే అది ఎక్కడుందో లోకానికి మనమే చెప్పినట్టు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇక్కడ ఆపిన పేజీకి బయటి సైట్ల నుంచి లింకులుంటే, వివరం ఏమీ లేకుండా ఒట్టి అడ్రస్‌తో అది గూగుల్‌లో కనపడొచ్చు. పేజీ అసలే కనపడకూడదంటే నోఇండెక్స్ పెట్టి, బాట్‌ను లోపలికి రానివ్వాలి. రానిస్తేనే కదా ఆ మాట చదివేది!

తలుపు తీశాక

ఎస్‌ఈవో (సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్) పేరుతో అమ్మే వాటిలో చిన్న వ్యాపారికి నిజంగా పనికొచ్చేది ఇక్కడ మొదలవుతుంది. ఆత్రేయపురం పూతరేకులు అమ్మే సైటనుకుందాం. చాలా సైట్లలో మొదటి పేజీ టైటిల్ ‘హోమ్’ అనే ఉంటుంది. వెతికేవాళ్లెవరూ ‘హోమ్’ అని వెతకరు. ‘ఆత్రేయపురం బెల్లం పూతరేకులు, హైదరాబాద్‌కు డెలివరీ’ అని ఉంటే, కొనేవాడికీ బాట్‌కీ ఒకేసారి అర్థమవుతుంది. నెయ్యి రకానికో పేజీ, డ్రైఫ్రూట్ రకానికో పేజీ, ప్రతిదానికీ వేరే టైటిల్ ఉండాలి. ధర, బరువు, ఎన్నాళ్లు నిలవుంటుంది, ఎన్ని రోజుల్లో చేరుతుంది అన్నవి అక్షరాల్లో ఉండాలి.

అక్షరాల్లో అని నొక్కి చెప్పడానికి కారణముంది. మనవాళ్లు రంగురంగుల పోస్టరు చేయించి, ధరలూ ఫోన్ నంబరూ అన్నీ బొమ్మలోనే పెట్టి, ఆ బొమ్మనే పేజీగా వేస్తారు. చూడ్డానికి పండగలా ఉంటుంది. కానీ బొమ్మలోని మాటలను పేజీలోని మాటలంత నమ్మకంగా సెర్చ్ ఇంజిన్ చదువుకోదు. ఫొటో పెట్టండి, కింద రాయండి, ఆల్ట్ టెక్స్ట్ అనే గడిలో అదేమిటో ఒక వాక్యం చేర్చండి. చూపులేనివారి ఫోన్ చదివి వినిపించేదీ ఆ వాక్యమే. నా దృష్టిలో దాన్ని రాయడానికి అదే పెద్ద కారణం.

ఇక చరిత్ర గబగబా: 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఎవరు ఎవరికి లింకు ఇచ్చారన్న లెక్కతో గూగుల్ పెట్టారు. లింకులకు విలువ రాగానే అమ్మకాలూ మొదలయ్యాయి. 2006లో దొంగ పేజీలు పెట్టిందని బీఎండబ్ల్యూ జర్మన్ సైట్‌ను గూగుల్ తీసేసింది. 2009లో మెటా కీవర్డ్స్‌ను, అంటే పేజీ కోడ్‌లో దాచి రాసే వెతుకుడు మాటలను, అసలు లెక్కలోకే తీసుకోమని ప్రకటించింది. గూగుల్ తన లెక్కలో తెచ్చిన మార్పుల్లో 2011లో పాండా పసలేని పేజీలను, 2012లో పెంగ్విన్ కొన్న లింకులను దెబ్బకొట్టాయి. 2015 నుంచి ఫోన్‌లో సరిగ్గా తెరుచుకునే పేజీలకు మొగ్గు. అయినా కీవర్డ్స్ గడి నింపి డబ్బు తీసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇవ్వకండి.

బాక్సు: పాత ఫాంట్లలో చిక్కుకున్న తెలుగు

కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడి అక్షరాల పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, తొలినాళ్ల తెలుగు సైట్లు సొంత ఫాంట్లతో నడిచాయి. తెర మీద తెలుగు, లోపల మాత్రం పొంతనలేని ఇంగ్లిషు అక్షరాలు. వెతికితే దొరికేవి కావు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే పొడిగింపు వచ్చింది. డీటీపీలో ‘అను’ అనే ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లది నేటికీ అదే పరిస్థితి. మీ పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. గజిబిజిగా వస్తే గూగుల్‌కూ అంతే. యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించాల్సిందే.

బాక్సు: ఈ రోజే చేయదగ్గవి

రోబోట్స్ ఫైలు తెరిచి గీత కోసం చూడండి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైట్ నమోదు చేసుకోండి, ఉచితం. జనం ఏమని కొట్టి మీ దాకా వస్తున్నారో పదహారు నెలల వరకు అందులో కనపడుతుంది. పూతరేకులను ఇంగ్లిషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో అక్కడే తెలుస్తుంది. సైట్‌మ్యాప్, అంటే మీ పేజీల అడ్రస్‌ల జాబితా, ఇవ్వండి; ఒక్కో ఫైల్లో యాభై వేల అడ్రస్‌ల దాకా పడతాయి. పేజీలో ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనపడేలా ఫొటోల సైజు తగ్గించండి. గీత తీసేశాక వెంటనే ఫలితం కోసం చూడకండి. పాత ఫైలును గూగుల్ ఒక రోజు దాకా గుర్తుంచుకుంటుంది, ఆ తర్వాత పేజీలు ఒక్కొక్కటిగా చదువుతుంది. ముఖ్యమైన నాలుగు పేజీలకు కన్సోల్‌లో విడిగా అభ్యర్థన పెట్టుకోవచ్చు.