మెడ మానినా నొప్పి ఎందుకు మానదు?

సిగ్నల్ దగ్గర ఆగిన కారును వెనక నుంచి ఇంకో బండి గుద్దుతుంది. పెద్ద ప్రమాదమేమీ కాదు. బంపర్ సొట్టపోతుంది, లోపలివాళ్లు దిగి తమంతట తాము నడుస్తారు. మర్నాడు పొద్దున మెడ తిప్పబోతే పట్టేసి ఉంటుంది. ఎక్స్‌రేలో ఎముకలన్నీ బాగానే ఉంటాయి. కొందరికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కానీ ఇలాంటి గాయాలపై వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, దాదాపు సగం మంది ఏడాది తర్వాత కూడా మెడ నొప్పి ఉందనే చెప్పారు. అందరిదీ మంచం పట్టించే నొప్పి కాదు గానీ, ఉద్యోగం మానేయాల్సి వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఈ గాయం పేరు విప్‌లాష్ (తల విసురుగా ఊగడం వల్ల మెడకు తగిలే దెబ్బ). మనిషి తల నాలుగున్నర, ఐదు కిలోలుంటుంది. వెనక నుంచి బండి గుద్దగానే సీటు వీపును ముందుకు తోస్తుంది. తల మాత్రం క్షణకాలం ఉన్నచోటే ఉండిపోతుంది. సెకనులో పదో వంతు సమయంలో మెడ వంకర తిరుగుతుంది: కింది పూసలు వెనక్కి, పై పూసలు ముందుకి వంగుతాయి. కండరాలు బిగుసుకునేలోపే ఇదంతా అయిపోతుంది. (హెడ్‌రెస్ట్ ఉన్నది ఈ కుదుపును ఆపడానికే. మన కార్లలో చాలామంది దాన్ని కిందికి దించేసి మెడకింద దిండులా వాడుకుంటారు. అది తల వెనక ఉండాలి, మెడ వెనక కాదు.)

ఆ వంపులో ఎక్కువగా దెబ్బతినేవి ఫాసెట్ కీళ్లు (పూసకూ పూసకూ వెనకవైపున ఉండే చిన్న కీళ్లు). వాటిని కప్పి ఉంచే పొర సాగుతుంది. ఆ దెబ్బ మామూలు ఎమ్మారైకి సాధారణంగా చిక్కదు. మరోపక్క ఏ నొప్పీ లేనివాళ్ల మెడను స్కాన్ చేసినా ఉబ్బిన డిస్కులు కనిపిస్తుంటాయి. కాబట్టి రిపోర్టును చూసి నొప్పి ఎంతుందో చెప్పలేం. ‘అన్నీ నార్మల్, ఏమీ లేదు’ అన్న మాటతో రోగికి ఇంకో ఇబ్బంది మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు కూడా అనుమానంగా చూస్తారు.

అసలు నొప్పి ఎలా తెలుస్తుంది? దెబ్బ తగిలిన చోటి నరాలు వెన్నుపాముకు కబురు పంపుతాయి. అక్కడి నుంచి అది మెదడుకు చేరుతుంది. వెన్నుపాము ఆ కబురును ఉన్నది ఉన్నట్టు మోసే తీగ మాత్రమే కాదు. దాన్ని పెంచగలదు, తగ్గించగలదు. దెబ్బ తర్వాత అక్కడి నాడీకణాలు అతిగా స్పందించడం మొదలుపెడతాయని 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో చూపించారు. దీన్ని సెంట్రల్ సెన్సిటైజేషన్ (నొప్పిని మోసే వ్యవస్థే సున్నితం కావడం) అంటున్నారు. పెళ్లి పందిట్లో మైకు సౌండు బాగా పెంచేస్తే పక్కన గ్లాసు పెట్టిన చప్పుడు కూడా ఊరంతా వినబడినట్టు, మామూలు తాకిడి సైతం నొప్పిగా తోస్తుంది.

విప్‌లాష్ రోగుల్లో దీన్ని పరీక్షించే పద్ధతి సులువైనదే. చేత్తో పట్టుకునే చిన్న పరికరం ఉంటుంది. దాని చివర రబ్బరు బిళ్ల. దాన్ని చర్మంపై మెల్లగా నొక్కుతూ పోతారు, ఒత్తిడి నొప్పిగా మారగానే రోగి చెప్పాలి. మెడ దగ్గర త్వరగా నొప్పి పుడితే వింతేమీ లేదు. కానీ మోకాలి కింద, కాలి ముందువైపు కండరంపై నొక్కినా చాలామంది ఆరోగ్యవంతులకంటే ముందే నొప్పి అంటారు. ఆ కాలికి ఏ దెబ్బా తగల్లేదు.

రోగి కావాలనే అలా చెబుతున్నాడేమో? స్విట్జర్లాండ్ పరిశోధకులు 2004లో ఈ ప్రశ్నకు చక్కని దారి చూపించారు. చీలమండ దగ్గరి నరానికి చిన్న కరెంటు ఇచ్చి, తొడ వెనక కండరం ఎప్పుడు తుళ్లుతుందో కొలిచారు. ఆ తుళ్లింత మన ఇష్టంతో వచ్చేది కాదు. ఆరోగ్యవంతుల్లో దాన్ని రప్పించడానికి కావలసిన కరెంటు కన్నా తక్కువతోనే విప్‌లాష్ రోగుల్లో అది వచ్చేసింది. నటనకు అక్కడ చోటు లేదు.

ఇక మెదడు సంగతి. నొప్పికి మెదడులో ఒకే కేంద్రమంటూ లేదు. ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి, అది ఎంత భయపెట్టాలి, ఎంతకాలం గుర్తుండాలి, ఇవన్నీ వేర్వేరు భాగాలు కలిసి తేలుస్తాయి. దీర్ఘకాలిక విప్‌లాష్ రోగులు ఊరికే పడుకుని ఉన్నప్పుడు మెదడులో రక్తప్రసరణను స్వీడన్ పరిశోధకులు పెట్ స్కాన్‌తో కొలిచారు. థాలమస్‌లోనూ (శరీరం నుంచి వచ్చే కబుర్లు కలిసే కూడలి), జ్ఞాపకాలతో ముడిపడిన భాగాల పరిసరాల్లోనూ అది ఆరోగ్యవంతులకన్నా ఎక్కువగా ఉంది. ఇజ్రాయెల్‌లో ప్రమాదానికి గురైనవారిపై జరిగిన అధ్యయనం 2024లో వచ్చింది. గాయమైన మొదటి కొద్ది రోజుల్లోనే వారి మెదడును స్కాన్ చేసి, ఏడాదిపాటు గమనించారు. హిప్పోకాంపస్ (కొత్త జ్ఞాపకాలు కుదురుకునే భాగం) మెదడు పైపొరతో ఎక్కువగా ముడిపడినవారిలో నొప్పి నిలిచిపోయే అవకాశం ఎక్కువగా కనిపించింది. అంటే ఆ దెబ్బను మెదడు ఎలా నేర్చుకుంటుందన్నది కూడా ముఖ్యమే.

ఇవి గుంపుల సగటు లెక్కలు. ఒక మనిషి స్కాన్ పట్టుకుని ‘నీకు నొప్పి ఉంది’, ‘నీకు లేదు’ అని తేల్చే పరీక్ష ఇంతవరకూ లేదు. అలా చెప్పి డబ్బు తీసుకునే చోటికి వెళ్లనక్కర్లేదు. పైగా ‘మెదడులో మార్పు’ అనగానే మెదడు పాడైందని హడలిపోతారు. అది తప్పు. దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్నవారిలో మెదడు పైపొర ఒకచోట పలచబడినట్టు కనబడింది. చికిత్సతో నొప్పి తగ్గినవారిలో ఆరు నెలలకు అదే పొర మళ్లీ మందమైందని కెనడా పరిశోధకులు 2011లో ప్రకటించారు.

మెడ విషయంలో ఇలాంటి మార్పులు వెనక్కి మళ్లగలవనడానికి నాకు అంతకంటే గట్టిగా తోచే ఆధారం ఆస్ట్రేలియాది. ఫాసెట్ కీలు నుంచి నొప్పిని మోసే సన్నని నరాన్ని వేడి సూదితో కాల్చే చికిత్స ఒకటుంది. కీలుకు మత్తు సూది వేసి, నొప్పి అక్కడిదేనని తేలాకే చేస్తారు. అది ఫలించినవారిలో దిగులు, ఆందోళన కూడా తగ్గిపోయాయని 1997లో తేలింది. ఇలాంటి చికిత్స తర్వాత నాడీ వ్యవస్థ అతి సున్నితత్వం సైతం తగ్గినట్టు 2014లో మరో బృందం చూపింది. దిగులు వల్ల నొప్పి వచ్చిందనుకున్న చాలాచోట్ల, నొప్పి వల్లే దిగులు వచ్చిందన్నమాట. కాల్చిన నరం కొన్ని నెలలకు తిరిగి పెరుగుతుంది, నొప్పీ తిరిగి రావచ్చు. అప్పుడు మళ్లీ చేయాలి.

గాయమైన కొత్తలో ఏం చేయాలన్నది కాస్త తేలిక. మెడ పట్టీ నెలల తరబడి కట్టుకు తిరగడం మంచిది కాదు. ఎముక విరగలేదని డాక్టరు తేల్చాక మెల్లగా మెడ తిప్పుతూ రోజువారీ పనుల్లోకి రావాలి. వ్యాయామానికి తోడు భయాన్ని, ఒత్తిడిని తట్టుకునే శిక్షణ కూడా ఇస్తే ఒట్టి వ్యాయామం కన్నా మెరుగని 2019లో ఆస్ట్రేలియాలో తేలింది. ముదిరిపోయాక మాత్రం కష్టమే. అక్కడే 2014లో దీర్ఘకాలిక రోగులు కొందరికి చాలా విడతల ఫిజియోథెరపీ, మరికొందరికి ఒక్కసారి సలహా ఇచ్చి పోల్చారు. పెద్ద తేడా రాలేదు.

ఈ వివరణ అన్ని మెడ నొప్పులకూ వర్తించదు. చేతుల్లో బలం తగ్గినా, వేళ్లు మొద్దుబారినా, నడక తడబడినా, మూత్రం పట్టు తప్పినా అది నరాలో, వెన్నుపామో నలుగుతున్న సూచన కావచ్చు. అప్పుడు ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.