ఒంటి దురదకూ తిండికీ సంబంధం ఉందా?

గజ్జి, తామర, చిడుము. ఈ పేర్లు వినని ఇల్లు ఉండదు. ఒళ్లు గోక్కుంటే చాలు, ఇంట్లో పెద్దవాళ్లు తిండి గురించి అడుగుతారు. "వంకాయ తిన్నావా? చేప తిన్నావా?" అంటారు. ఈ మాట ఈనాటిది కాదు.

చరక సంహిత అని ఒక పాత వైద్య గ్రంథం ఉంది. చర్మరోగాలు 18 రకాలని అందులో రాశారు. అన్నిటినీ కలిపి 'కుష్ఠం' అన్నారు. ఇప్పుడు కుష్టు అంటే ఒక్క జబ్బే. అప్పుడు అలా కాదు.

పడని తిండి కలిపి తింటే ఈ రోగాలు వస్తాయని చరకుడు చెప్పాడు. పాలు, చేపలు కలపొద్దన్నాడు. తిన్నది అరగకముందే మళ్లీ తినొద్దన్నాడు. ఎండలో పనిచేసి వచ్చి, వెంటనే చన్నీళ్లలో దిగొద్దన్నాడు. పాత బియ్యం, పెసలు, పొట్లకాయ, చేదు కూరలు మంచివన్నాడు. ఇవి తేలిగ్గా అరుగుతాయి. మన పెరట్లో దొరికేవే.

పాలూ చేపలూ కలిస్తే బొల్లి వస్తుందని చాలామంది భయపడతారు. దానికి ఇప్పటి వైద్యంలో రుజువు లేదు. అయితే కొందరికి కొన్ని పడవు. ఒకరికి రొయ్య, ఇంకొకరికి గుడ్డు. తినగానే దద్దుర్లు లేస్తాయి. ఎవరికి పడనిది వాళ్లు మానాలి. అంతేగానీ బాలింత చేత పప్పు, కూర, పాలు అన్నీ మాన్పించి, కారప్పొడి మెతుకులే పెడితే ఎలా? తల్లికి నీరసం తప్ప ఏం మిగులుతుంది?

తిండి ఒక్కటే చాలదు. ఒకరినొకరు తాకినా, ఒకే పక్క మీద పడుకున్నా, ఒకరి బట్టలు ఒకరు కట్టుకున్నా రోగాలు అంటుకుంటాయని సుశ్రుతుడు ఆనాడే చెప్పాడు. గజ్జి సంగతి అచ్చం ఇదే. కంటికి ఆనీ ఆనని పురుగు చర్మంలో దూరుతుంది. రాత్రిపూట దురద ఎక్కువ. వేపాకు, పసుపు నూరి రాస్తే దురద తగ్గొచ్చు. పురుగంతా చస్తుందని నమ్మకం లేదు. డాక్టరు ఇచ్చిన మందును ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి. మెడ నుంచి అరికాలి దాకా రాయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. ఒక్క బిడ్డకే రాస్తే వారం తిరక్కుండా మళ్లీ మొదలు.

తామర తడిని వెతుక్కుంటుంది. నాట్లు వేసి వచ్చాక తడి చీరతోనే వంట చేస్తారు. లంగా బొందు దగ్గర, తొడల సందున చెమట నిలుస్తుంది. తామర అక్కడే పడుతుంది. నలుగు పెట్టుకుని స్నానం చేసినా, ఒళ్లు పొడిగా తుడుచుకోకపోతే ఫలితం లేదు. మందుల కొట్లో అడిగి తెచ్చిన ట్యూబులు కొన్ని నాలుగు రోజులు దురద ఆపుతాయి. తర్వాత తామర ఇంకా పాకుతుంది.

వేపనూనె పైపూతకే. చంటిపిల్లల నోట్లో పొయ్యకూడదు. ప్రాణం మీదికి వస్తుంది.

పాలిపోయిన మచ్చ ఉందా? గిల్లినా తెలియడం లేదా? దానికి పథ్యం పనికిరాదు. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. అది కుష్టు కావచ్చు. మందు ఉచితం. జబ్బును బట్టి 6 నెలలో, 12 నెలలో మింగాలి. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే అది ఇంకొకరికి అంటదు.